ఆక్సిజన్ ఉంది, శక్తి లేదు: ఒక లాక్టిక్ అసిడోసిస్ కేసు

ఐసీయూలో రోగి రక్తంలో లాక్టేట్ (గ్లూకోజ్ పూర్తిగా కాలక మిగిలే పదార్థం; పేరుకుని రక్తం ఆమ్లంగా మారితే అదే లాక్టిక్ అసిడోసిస్) ఎక్కువగా వచ్చిందంటే మనకు మొదట తట్టేది ఒకటే: కణాలకు ఆక్సిజన్ అందడం లేదు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. బీపీ పడిపోయినా, గుండె సరిగా పంప్ చేయకపోయినా, పేగులో కొంత భాగానికి రక్తం ఆగిపోయినా లాక్టేట్ పెరుగుతుంది. అయితే కణ శ్వాసక్రియలో ఆక్సిజన్‌కి పని పడేది చిట్టచివరి దశలో. దానికి ముందు గ్లూకోజ్ విరగాలి, అందులోంచి వచ్చిన పైరువేట్ మైటోకాండ్రియాలోకి (కణం లోపలి శక్తి కేంద్రాల్లోకి) వెళ్లాలి, అక్కడ ఎసిటైల్ కోఎంజైమ్-ఏగా మారాలి, క్రెబ్స్ వలయం (ఇంధనం నుంచి ఎలక్ట్రాన్లను లాగే రసాయన చర్యల చక్రం) తిరగాలి. ఇందులో ఏ దశ ఆగినా, ఆక్సిజన్ పక్కనే ఉండి కూడా కణానికి ఉపయోగపడదు. ఈ కేసులో జరిగింది అదే. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ వాడిన మందు ప్రతి వార్డులోనూ దొరికేదే, ప్రమాదం దాదాపు లేనిదే. కానీ అది సమయానికి గుర్తుకు రాకపోతే రోగి దక్కడు.

రోగి ఎవరో తెలిసే వివరాలు తీసేశాను.

రోగి పరిస్థితి

వయసు 46 ఏళ్లు, పురుషుడు. షుగర్ లేదు, మద్యం అలవాటు లేదు, గుండె జబ్బు లేదు. ఎప్పుడో జరిగిన పాత సర్జరీ తాలూకు అతుకుల్లో చిన్నపేగు ఇరుక్కుని అడ్డు పడింది. ఆసుపత్రిలో చేరేముందే దాదాపు పది రోజులు సరిగా తినలేదు, తిన్న కాస్తా వాంతి అయిపోయేది. చెడిపోయిన పేగు భాగం తీసేసి మిగతాది కలిపారు. తర్వాత కుట్టు దగ్గర చిన్న లీకు వచ్చింది, పేగుల కదలిక మొదలవలేదు. నోటి ద్వారా ఏమీ ఇవ్వలేని పరిస్థితి కనుక మెడలోని సెంట్రల్ లైన్ ద్వారా పూర్తి పోషణ, అంటే టీపీఎన్, మొదలుపెట్టారు. వాడింది మూడు గదుల రెడీమేడ్ బ్యాగు. ఒక గదిలో గ్లూకోజ్, ఒకదాంట్లో అమైనో ఆమ్లాలు, ఇంకోదాంట్లో కొవ్వు ఉంటాయి. ఎక్కించేముందు గదుల మధ్య సీలు విప్పి కలుపుతారు. రోజుకు సుమారు 250 గ్రాముల గ్లూకోజ్ ఆయన రక్తంలోకి వెళ్లేది.

టీపీఎన్ మొదలైన 18వ రోజున, పరిస్థితి ఉన్నట్టుండి దిగజారిందని మరో ఆసుపత్రి నుంచి మా ఐసీయూకి పంపారు. వచ్చేసరికి నిమిషానికి 34 సార్లు, చాలా లోతుగా ఊపిరి తీస్తున్నారు. పల్స్ 128, బీపీ 84/38. జ్వరం లేదు. చేతులూ కాళ్లూ వెచ్చగా ఉన్నాయి, గోరు నొక్కి వదిలితే వెంటనే ఎర్రబడుతోంది. పొట్ట మెత్తగానే ఉంది. వేలికి పెట్టిన మీటరులో ఆక్సిజన్ 98 శాతం, అదీ మాస్క్ లేకుండానే.

వెంట వచ్చిన భార్య ఒక మాట చెప్పారు. "రెండు రోజుల నుంచి మాటలో పొంతన లేదండీ డాక్టరు గారూ. నన్ను పట్టుకుని వాళ్ల అక్క పేరుతో పిలుస్తున్నారు." అంత తీవ్రంగా జబ్బుపడిన మనిషి తికమకగా మాట్లాడటం వింతేమీ కాదు. కానీ కళ్లు పరీక్షిస్తే, పక్కకు చూడమన్నప్పుడు రెండు కనుగుడ్లూ సన్నగా అదురుతున్నాయి. దాన్ని కేస్ షీట్‌లో రాసుకుని ముందుకు వెళ్లాం. ఆ రెండు ఆధారాలూ తర్వాత చాలా పనికొచ్చాయి.

ధమని రక్తం రిపోర్టు భయపెట్టింది. పీహెచ్ 7.15, కార్బన్ డయాక్సైడ్ పీడనం 18, ఆమ్లాన్ని అణిచే బైకార్బొనేట్ 6. సోడియం 138, క్లోరైడ్ 102 కనుక యానయాన్ గ్యాప్ (మామూలు లెక్కకు అందని ఆమ్లాలు ఎంత పోగయ్యాయో చెప్పే అంకె) 30. లాక్టేట్ లీటరుకు 14 మిల్లీమోల్స్. మామూలుగా అది 2 లోపు ఉంటుంది. గ్లూకోజ్ 210 మి.గ్రా., కీటోన్లు లేవు. కాలేయం పరీక్షలు బాగానే ఉన్నాయి, క్రియాటినిన్ కొద్దిగా పెరిగింది. హిమోగ్లోబిన్ 10.8.

వెతికినవి

పేగు సర్జరీ తర్వాత లీకు ఉన్న మనిషికి షాక్, లాక్టేట్ 14 అంటే ముందుగా సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌తో అవయవాలు దెబ్బతినడం), ఆ తర్వాత పేగుకి రక్తం ఆగిపోవడం. రెండింటినీ వెంటనే పట్టించుకోవాలి, పట్టించుకున్నాం. కల్చర్లు పంపి యాంటీబయోటిక్స్ మార్చాం, సెలైన్ ఎక్కించాం, బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టాం. కాంట్రాస్ట్ ఇచ్చి సీటీ తీశాం. పేగు రక్తనాళాలన్నీ తెరిచే ఉన్నాయి, ఎక్కడా చీము లేదు, పాత లీకు మూసుకుపోయింది. ఎకోలో గుండె బలహీనంగా కాదు, మామూలు కంటే గట్టిగా, వేగంగా కొడుతోంది.

మూడు గంటల తర్వాత లాక్టేట్ 16.2. బీపీ కొంచెం కుదురుకున్నా లాక్టేట్ దిగలేదు సరికదా, ఇంకా పైకి వెళ్లింది. ఇచ్చిన బైకార్బొనేట్ కాసేపు పీహెచ్‌ని పట్టుకుని తర్వాత వదిలేసింది. ఎక్కడో యాసిడ్ తయారవుతూనే ఉంటే, పైనుంచి బైకార్బొనేట్ పోయడం వల్ల ఒరిగేది తక్కువ.

అప్పుడు సెంట్రల్ లైన్ నుంచి తీసిన సిర రక్తంలో ఆక్సిజన్ శాతం చూశాం. శరీరమంతా తిరిగి గుండెకు చేరే రక్తంలో అది మామూలుగా 70, 75 శాతం దగ్గర ఉంటుంది. అంటే వెళ్లిన ఆక్సిజన్‌లో సుమారు పావు వంతును కణాలు తీసుకుని మిగతాది తిప్పి పంపుతాయి. రక్తప్రసరణ సరిపోక ఆక్సిజన్ కొరత వచ్చినప్పుడు కణాలు దొరికినంతా లాక్కుంటాయి కనుక ఈ అంకె 60కో 50కో పడిపోతుంది. ఆయనది 86.

ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. రక్తం ఆక్సిజన్‌తో నిండుగా వెళ్తోంది, గుండె గట్టిగా పంపుతోంది, చేతులు వెచ్చగా ఉన్నాయి, అయినా కణాలు ఆక్సిజన్‌ని ముట్టుకోవడం లేదు. సెప్సిస్‌లో కూడా ఇలా ఉండొచ్చు, కాదనను. కానీ సెప్సిస్‌కి వేరే ఏ ఆధారమూ దొరకని మనిషిలో 86 కనిపిస్తే, సరఫరా గురించి ఆలోచించడం ఆపి కణం లోపలికి చూడాలి.

కణం లోపల

ఇక్కడ కొంచెం బయోకెమిస్ట్రీ తప్పదు. ఇది మొదటి ఏడాదిలో చదివి పరీక్షతో పాటు మర్చిపోయే పాఠమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఐసీయూ మంచం పక్కన ఇంత నేరుగా పనికొచ్చే పాఠాలు తక్కువ.

గ్లూకోజ్ ముందు సైటోప్లాజంలో విరుగుతుంది. ఒక గ్లూకోజ్ నుంచి రెండు పైరువేట్లు వస్తాయి, నికరంగా రెండు ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు) మిగులుతాయి, రెండు ఎన్‌ఏడీలు (ఎలక్ట్రాన్లను మోసే అణువులు) హైడ్రోజన్ తీసుకుని ఎన్‌ఏడీహెచ్‌లవుతాయి. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు. తర్వాత పైరువేట్ మైటోకాండ్రియా లోపలి పొర దాటి లోపలికి వెళ్తుంది. అక్కడ పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే పెద్ద ఎంజైమ్ సముదాయం దాని నుంచి ఒక కార్బన్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా ఊడగొట్టి, మిగిలిన రెండు కార్బన్లను కోఎంజైమ్-ఏకి తగిలిస్తుంది. అలా వచ్చిన ఎసిటైల్ కోఎంజైమ్-ఏ క్రెబ్స్ వలయంలో చేరుతుంది. వలయం ఒక్కసారి తిరిగితే మూడు ఎన్‌ఏడీహెచ్‌లు, అలాంటి పనే చేసే ఒక ఎఫ్‌ఏడీహెచ్2, ఏటీపీ లాంటి ఒక జీటీపీ వస్తాయి, మరో రెండు కార్బన్లు కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతాయి. గ్లూకోజ్‌లోని ఆరు కార్బన్లలో రెండు పైరువేట్ డీహైడ్రోజినేజ్ దగ్గర, నాలుగు క్రెబ్స్ వలయంలో ఇలా వెళ్లిపోతాయి. మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఇక్కడ పుట్టిందే.

ఇప్పటిదాకా ఆక్సిజన్ పేరు ఎక్కడా రాలేదు. అది వచ్చేది ఆ తర్వాతే. ఎన్‌ఏడీహెచ్, ఎఫ్‌ఏడీహెచ్2 తెచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఉన్న కాంప్లెక్సుల మీదుగా ఒకదాని నుంచి మరోదానికి దిగుతాయి. అలా దిగేటప్పుడు ఒకటి, మూడు, నాలుగు నంబర్ల కాంప్లెక్సులు ప్రోటాన్లను పొర బయటికి తోస్తాయి. నాలుగో కాంప్లెక్స్ దగ్గర ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ అందుకుని నీరుగా మారుతుంది. బయటికి వెళ్లిన ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ గుండా తిరిగి లోపలికి వస్తూ ఆ ఎంజైమ్‌ని నిజంగానే గుండ్రంగా తిప్పుతాయి, ఆ తిరుగుడుతో ఏటీపీ తయారవుతుంది. ప్రోటాన్ల తేడాయే ఏటీపీ తయారీకి బలం అని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. ఆయనకు 1978లో నోబెల్ వచ్చింది.

ఇంత దారీ సాఫీగా నడిస్తే ఒక గ్లూకోజ్ నుంచి 30, 32 ఏటీపీలు వస్తాయి. సైటోప్లాజం దగ్గరే ఆగిపోతే రెండే. శరీరంలో ఏటీపీ నిల్వ ఎప్పుడు చూసినా గ్రాముల లెక్కలోనే ఉంటుంది, రోజు మొత్తంలో తయారై ఖర్చయ్యేది మాత్రం పదుల కిలోలు. కాబట్టి తయారీ ఆగితే నిల్వ ఆదుకుంటుందన్న ఆశ లేదు.

కాలువలో దిగువన తూము మూస్తే ఎగువన నీరు ఎగదన్నినట్టు, ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా వెనక ఉన్నది పోగవుతుంది. పోగైన పైరువేట్ లాక్టేట్‌గా మారుతుంది. అలా మారేటప్పుడు ఎన్‌ఏడీహెచ్ తిరిగి ఎన్‌ఏడీ అవుతుంది కనుక గ్లూకోజ్ విరగడం ఆగకుండా సాగుతుంది, కణానికి కనీసం ఆ రెండు ఏటీపీలైనా దక్కుతాయి. లాక్టేట్‌ని విషంలా చూడటం తగదు. మామూలు రోజుల్లో గుండె దాన్ని హాయిగా ఇంధనంగా వాడుకుంటుంది. రక్తంలో లాక్టేట్ పేరుకుందంటే దిగువన ఎక్కడో మూసుకుందని మాత్రమే అర్థం. ఎక్కడ అన్నది మనం వెతకాలి.

ఎక్కడ మూసుకుంది?

ఆయన విషయంలో అనుమానించదగ్గవి కొన్నే. చివరి దశలో అడ్డు పడే సయనైడ్‌కి అవకాశం లేదు. మొదటి కాంప్లెక్స్‌ని అడ్డుకునే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఆయన వాడలేదు. కానీ గాయం ఇన్ఫెక్షన్ కోసం తొమ్మిది రోజులుగా లినెజోలిడ్ అనే యాంటీబయోటిక్ ఇస్తున్నారు. ఇది నిజంగా పరిగణించాల్సిన సంగతి. లినెజోలిడ్ బ్యాక్టీరియా రైబోజోమ్‌లను (ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలను) ఆపుతుంది. మైటోకాండ్రియా రైబోజోమ్‌లు కూడా వాటిని పోలినవే కనుక, ఎలక్ట్రాన్ రవాణా గొలుసుకు కావాల్సిన కొన్ని ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది. లాక్టిక్ అసిడోసిస్ దాని గుర్తింపు పొందిన దుష్ప్రభావం. ఎక్కువగా వారాల తరబడి వాడినవాళ్లలో వస్తుంది, ముందే రావడమూ ఉంది. వెంటనే ఆపేశాం.

మిగిలింది పైరువేట్ డీహైడ్రోజినేజ్. ఈ ఎంజైమ్ పనిచేయాలంటే ఐదు సహాయకాలు కావాలి: థయమిన్ పైరోఫాస్ఫేట్, లైపోయిక్ ఆమ్లం, కోఎంజైమ్-ఏ, ఎఫ్‌ఏడీ, ఎన్‌ఏడీ. వీటిలో అన్నిటికంటే త్వరగా అయిపోయేది మొదటిది. అది బీ1 విటమిన్, అంటే థయమిన్, నుంచి తయారవుతుంది. శరీరం మొత్తం మీద థయమిన్ నిల్వ 25, 30 మిల్లీగ్రాములే. లోపలికి రావడం ఆగిపోతే రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. గ్లూకోజ్ ఎంత ఎక్కువ వెళ్తే అంత త్వరగా కరుగుతుంది.

ఇక లెక్క వేస్తే చేరేముందు పది రోజులు తిండి లేదు, ఆ తర్వాత 18 రోజులు టీపీఎన్. టీపీఎన్‌లో విటమిన్ ఉందా? మూడు గదుల రెడీమేడ్ బ్యాగుల్లో సాధారణంగా విటమిన్లు ఉండవు. అవి ఆ ద్రావణంలో ఎక్కువ కాలం నిలవవు కనుక తయారీదారులు కలపరు, రోజూ ఎక్కించేముందు విడిగా ఆంప్యూల్ కలపాలి. బదిలీ కాగితాల్లో బ్యాగు పేరు, వేగం, కేలరీలు అన్నీ ఉన్నాయి, విటమిన్ ఊసు లేదు. ఫోన్ చేసి అడిగితే అవతలి వార్డు నుంచి వచ్చిన జవాబు: "అన్నీ బ్యాగులోనే ఉంటాయి కదా సార్." ఈ మాట నేను వేరే చోట్ల కూడా విన్నాను. సంపూర్ణ పోషణ అనే పేరు వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆ పేరే అసలు చిక్కు.

ఇది కొత్త ప్రమాదమేమీ కాదు. థయమిన్ లేని టీపీఎన్ వల్ల జరిగిన మరణాలను అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1989లోనే నివేదించింది. 1997లో అక్కడ ఇంజెక్షన్ మల్టీవిటమిన్‌కి దేశమంతటా కొరత వచ్చినప్పుడు, టీపీఎన్ మీద ఉన్న రోగుల్లో మళ్లీ ఇవే లాక్టిక్ అసిడోసిస్ కేసులు బయటపడ్డాయి. 2003లో ఇజ్రాయెల్‌లో థయమిన్ లేకుండా తయారైన సోయా శిశు ఆహారం తాగిన పసిపిల్లలు మెదడు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు.

ఇప్పుడు కనుగుడ్ల అదురు, అక్క పేరుతో పిలవడం, వెచ్చని చేతులు, గట్టిగా కొట్టుకునే గుండె, పై అంకెకూ కింది అంకెకూ ఎడం ఎక్కువున్న బీపీ అన్నీ ఒకే కథలోకి వచ్చాయి. మెదడులో వెర్నికే ఎన్‌కెఫలోపతీ (బీ1 లేక మెదడు దెబ్బతినడం), గుండె వైపు తీవ్రమైన బెరిబెరి (అదే లోపం గుండెనూ రక్తనాళాలనూ దెబ్బతీయడం), రక్తంలో లాక్టేట్. మూడింటికీ మూలం ఒక్క విటమిన్ లేకపోవడమే.

కొవ్వు ఉందిగా?

రౌండ్స్‌లో ఒక జూనియర్ మంచి ప్రశ్న వేశారు. "సార్, బ్యాగులో కొవ్వు కూడా ఉంది కదా. కొవ్వు ఆమ్లాల నుంచి ఎసిటైల్ కోఎంజైమ్-ఏ నేరుగా వస్తుంది, పైరువేట్ డీహైడ్రోజినేజ్‌తో పని లేదు. మరి బెరిబెరిలో గుండె ఎందుకు దెబ్బతింటుంది?"

నిజమే, కొవ్వు ఆ మూసుకున్న తూముని తప్పించుకుని దిగువన చేరుతుంది. కానీ క్రెబ్స్ వలయంలో ఆల్ఫా-కీటోగ్లుటరేట్ డీహైడ్రోజినేజ్ అనే మరో ఎంజైమ్ ఉంది. దాని నిర్మాణం దాదాపు పైరువేట్ డీహైడ్రోజినేజ్ లాంటిదే, దానికీ థయమిన్ పైరోఫాస్ఫేట్ కావాలి. అంటే థయమిన్ లేకపోతే గ్లూకోజ్ దారి రెండు చోట్ల, కొవ్వు దారి ఒక చోట దెబ్బతింటాయి. గుండె తన శక్తిలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాల నుంచి తీసుకుంటుంది. అయినా బెరిబెరిలో దెబ్బతింటుంది అంటే ఈ రెండో అడ్డంకి అందుకు ఒక ముఖ్య కారణం. మెదడు మామూలుగా గ్లూకోజ్ మీదే ఆధారపడుతుంది కనుక దానికి మరీ కష్టం.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. వలయం కుంటుపడితే ఎన్‌ఏడీహెచ్ తయారీ తగ్గుతుంది. ఎలక్ట్రాన్లు తెచ్చేవాళ్లే తక్కువైతే చివరన వాటిని అందుకునే ఆక్సిజన్‌కి పని ఉండదు. అది వచ్చిన దారినే సిరల్లోకి తిరిగి వెళ్లిపోతుంది. ఆ 86 శాతానికి ఒక కారణం అదే. రక్తనాళాలు బాగా తెరుచుకుని రక్తం వేగంగా ప్రవహించడం రెండో కారణం.

చికిత్స

ముందు రక్తం తీసి పెట్టాం. ఒకటి థయమిన్ పైరోఫాస్ఫేట్ స్థాయి కోసం, ఇంకోటి లాక్టేట్, పైరువేట్ రెండూ కలిపి చూడటానికి. పైరువేట్ నమూనాతో జాగ్రత్తగా ఉండాలి. తీసిన వెంటనే పెర్‌క్లోరిక్ ఆమ్లం ఉన్న ట్యూబులో వేసి ఐస్‌లో పంపకపోతే ఆ అంకెను నమ్మలేం. ఈ రిపోర్టుల కోసం చికిత్సను ఆపకూడదు. థయమిన్ స్థాయి రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, 16 లాక్టేట్ ఉన్న మనిషికి అంత వ్యవధి లేదు.

సెలైన్‌లో 500 మిల్లీగ్రాముల థయమిన్ కలిపి అరగంటలో సిర ద్వారా ఎక్కించాం. అలర్జీ రియాక్షన్ చాలా అరుదు, అయినా పక్కనే నిలబడి చూశాం. టీపీఎన్ ఆపేశాం. మూసుకున్న దారిలోకి ఇంకా గ్లూకోజ్ పంపితే పైరువేట్ ఇంకా పోగవుతుంది, మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. షుగర్ మరీ పడిపోకుండా గంటగంటకూ చూసుకున్నాం. మెగ్నీషియం 1.3 ఉంది, తక్కువే. థయమిన్ పైరోఫాస్ఫేట్ తయారవడానికీ, ఎంజైమ్‌లో కుదురుకోవడానికీ మెగ్నీషియం కావాలి. అది సరిచేయకుండా థయమిన్ మాత్రమే ఇస్తే సగం పనే అవుతుంది. కనుక మెగ్నీషియం సల్ఫేట్ కూడా మొదలుపెట్టాం. బైకార్బొనేట్ డ్రిప్ తగ్గించేశాం. దారి తెరుచుకుంటే పోగైన లాక్టేటే కాలిపోతూ బైకార్బొనేట్‌ని తిరిగి ఇస్తుంది. మనం ముందే నింపి ఉంచితే ఆ తర్వాత రక్తం అటువైపు, ఆల్కలోసిస్‌లోకి (క్షారం ఎక్కువైన స్థితిలోకి) ఒరుగుతుంది.

నాలుగు గంటలకు లాక్టేట్ 9.8. ఎనిమిది గంటలకు 5.1. మర్నాటికి 1.8, బైకార్బొనేట్ 21. నార్‌అడ్రినలిన్ ఆరో గంటకే సగానికి తగ్గింది, తెల్లారేసరికి ఆపగలిగాం. ఊపిరి వేగం 18కి దిగింది.

నాకు వీటన్నిటికంటే విలువైనది మరో అంకె. ఎనిమిదో గంటలో సిర రక్తం ఆక్సిజన్ 86 నుంచి 74కి వచ్చింది. గుండె పంపే ఆక్సిజన్‌ని మేం పెంచలేదు. కణాలు దాన్ని తీసుకోవడం మొదలుపెట్టాయి.

ఈ దృశ్యాన్ని దాదాపు వందేళ్ల కింద ఒక ప్రయోగశాలలో చూసినవాళ్లున్నారు. 1930ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం, పాలిష్ చేసిన బియ్యం మాత్రమే పెట్టి పెంచిన పావురాల మీద పనిచేసింది. బీ1 లేక ఆ పావురాలకు మెడ వెనక్కి విరుచుకుపోయేది. మైక్రోస్కోప్ కింద మెదడు కణాలు మామూలుగానే కనిపించేవి, కానీ ఆ మెదడు కణజాలంలో లాక్టేట్ పోగై ఉండేది. దాన్ని తీసి గ్లూకోజ్ ఇచ్చి చూస్తే ఆక్సిజన్ తక్కువగా వాడుకునేది. అదే పాత్రలో అతి కొద్దిగా బీ1 కలిపితే ఆక్సిజన్ వాడకం తిరిగి పుంజుకునేది. కంటికి కనిపించే గాయం లేకుండా రసాయన క్రియ స్థాయిలోనే జరిగే ఈ దెబ్బని పీటర్స్ 'జీవరసాయన గాయం' అన్నాడు. కణ నిర్మాణం చెక్కుచెదరలేదు గనుకే ఆ పావురాలు గంటల్లో లేచి నిలబడేవి. 1937లో లోమాన్, షుస్టర్ అసలు పనిచేసేది థయమిన్ పైరోఫాస్ఫేట్ అని తేల్చారు. క్రెబ్స్ తన వలయాన్ని ప్రకటించింది కూడా ఆ ఏడాదే. పావురం మెదడులో, గాజు పాత్రలో వాళ్లు చూసింది మాకు మానిటర్ మీద, సెంట్రల్ లైన్ రక్తంలో కనిపించింది.

రిపోర్టులు చెప్పింది

మర్నాడు లాక్టేట్, పైరువేట్ నిష్పత్తి వచ్చింది. థయమిన్ ఇచ్చేముందు తీసిన నమూనాలో లాక్టేట్ 16.2, పైరువేట్ 1.05. నిష్పత్తి 15 పైచిలుకు. ఇది చాలా చెప్పే పరీక్ష, కానీ అందుబాటు తక్కువ కాబట్టి తక్కువగా వాడతాం. పైరువేట్, లాక్టేట్ మధ్య మార్పిడి ఎన్‌ఏడీహెచ్ ఎంత ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆక్సిజన్ లేకపోయినా, ఎలక్ట్రాన్ గొలుసు చెడినా ఎన్‌ఏడీహెచ్‌ని ఖాళీ చేసేవాళ్లుండరు. అది పేరుకుని పైరువేట్‌ని లాక్టేట్ వైపు తోస్తుంది, నిష్పత్తి 20 దాటి 30, 40కి వెళ్తుంది. గొలుసు బాగుండి పైరువేట్ డీహైడ్రోజినేజ్ దగ్గర మాత్రమే అడ్డు ఉంటే లాక్టేట్, పైరువేట్ రెండూ జంటగా పెరుగుతాయి, నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. ఆయన నిష్పత్తి రెండో రకం. లినెజోలిడ్ ప్రధాన కారణం కాదనడానికి నాకు దొరికిన గట్టి ఆధారం ఇదే. లినెజోలిడ్ ఆపిన ప్రభావం ఎనిమిది గంటల్లో ఇంతగా కనిపించదు కూడా, కొత్త ప్రోటీన్లు తయారవడానికి అంతకంటే ఎక్కువ సమయం కావాలి.

థయమిన్ పైరోఫాస్ఫేట్ స్థాయి వారం చివర్లో వచ్చింది. లీటరుకు 28 నానోమోల్స్. ఆ ల్యాబ్ లెక్కలో కనీసం 70 ఉండాలి. కల్చర్లలో ఏమీ పెరగలేదు.

తర్వాతి రోజుల్లో రెండు విషయాలు కాచుకుని చూడాల్సి వచ్చింది. దారి తెరుచుకోగానే కణాలు ఆబగా పనిలోకి దిగుతాయి. పొటాషియం, ఫాస్ఫేట్ కణాల్లోకి వెళ్లిపోయి రక్తంలో పడిపోతాయి. ఫాస్ఫేట్ లేకుండా ఏటీపీ కుదరదు కనుక రెండూ పూటపూటకూ చూస్తూ నింపాం. రెండోది, రక్తనాళాలు మళ్లీ బిగుసుకున్నప్పుడు అప్పటిదాకా తేలిగ్గా కొట్టుకున్న గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. ముందు గంటల్లో సెలైన్ బాగా ఇచ్చి ఉన్నాం కాబట్టి రెండో రోజు మూత్రం పెంచే మందు ఇచ్చాం.

మెదడు కోసం పెద్ద మోతాదును, 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, ఐదు రోజులు కొనసాగించి తర్వాత తగ్గించాం. టీపీఎన్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు గ్లూకోజ్‌ని సగానికి దించి, మల్టీవిటమిన్ ఆంప్యూల్, ట్రేస్ ఎలిమెంట్లు (అతి కొద్దిగా కావాల్సిన ఖనిజాలు) కలిపి మెల్లగా పెంచుకుంటూ వెళ్లాం. మా ఆర్డర్ షీట్‌లో ఇప్పుడు టీపీఎన్ బ్యాగు కింద విటమిన్‌కి విడిగా ఒక గడి ఉంది. అందులో సంతకం పడకుండా బ్యాగు తగిలించరు.

కనుగుడ్ల అదురు మూడో రోజుకు పోయింది. వారంలో భార్యని సరిగా పేరు పెట్టి పిలిచారు, ఆ సంగతి ఆవిడ మాకంటే ముందు గమనించి చెప్పారు. పేగు కదలిక నెమ్మదిగా మొదలై నోటి ఆహారానికి వచ్చారు. అయితే ఆసుపత్రిలో చేరిన మొత్తం కాలానికి ఆయనకు గుర్తులేని ఖాళీలు కొన్ని మిగిలిపోయాయి. పాదాల్లో మంట, తిమ్మిరి ఆరు నెలల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు కూడా కొంత ఉన్నాయి. పొడవాటి నరం చివరి కొస, కణం కేంద్రం నుంచి మీటరు దూరంలో ఉంటుంది. అక్కడిదాకా ప్రోటీన్లూ మైటోకాండ్రియాలూ చేరాలన్నా ఏటీపీ ఖర్చుపెట్టే రవాణా మీదే ఆధారం. శక్తి కొరత వచ్చినప్పుడు ఆ కొసలు ముందు ఎండిపోతాయి. ఒకసారి ఎండితే ఎంజైమ్ తిరిగి పనిచేసినంత మాత్రాన సరిపోదు, నరం మళ్లీ పెరగాలి, అది రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. ఏడాది చెకప్ నాటికి మంట పోయి కాలి వేళ్ల దగ్గర తిమ్మిరి మాత్రం మిగిలింది.